ఏడు దినాల్లో వాపసు

లెక్కలు రాసే ఓబులేసు అట్టపెట్టె విప్పి
నల్లటి హెడ్‌ఫోన్ నా చేతిలో పెట్టె.
"దస్తగిరి మామా, ఎనిమిదివేల తొమ్మిదినూర్లు.
బాగలేకుంటే ఏడు దినాల్లో వాపసు ఇయ్యొచ్చు.
శబ్దంలో పండినోడివి,
ఉంచుకోవాల్నా వద్దా నువ్వే చెప్పు."

నాకు తెలిసిన పరీక్ష ఒకటే.
బండను చూసినట్టే
వేలి కణుపుతో తట్టి చూస్తి.
కంగుమంటే గట్టిది, డుబ్బుమంటే లోపల బీట.
ఇది టక్కుమనె.
ప్లాస్టిక్కు ఏ జాతి రాయో నాకేం తెలుసు.

"బయటి శబ్దానికి ఎదురు శబ్దం పుట్టిస్తాది మామా,
రెండూ కొట్టుకోని సున్నా అవుతాది" అనె వాడు.
మా ఇంట్లో మా అమ్మా నా పెండ్లామూ
ఇరవై ఏండ్లుగా ఎదురెదురు శబ్దాలే.
ఒక్క పూటా సున్నా కాలేదు.

చెవుల మీద బోర్లించుకుంటి.
గొర్రెపిల్ల కడుపు మాదిరి మెత్తగుండాది.
ఉక్కపోత మాత్రం ఉండాది,
తాడిపత్రి ఎండకు చేసింది కాదిది,
ఆ మాట రాసుకో అంటి.
వాడు మీట నొక్కె.

మిషన్ పోయింది.
బ్లేడు తిరుగుతానే ఉండాది,
నీళ్లు చిమ్ముతానే ఉండాయి,
బండ రెండుగా విడిపోతానే ఉండాది,
కలలో కోసినట్టు.
పందొమ్మిదేండ్లుగా నెత్తిన కూర్చున్నదేదో
చెప్పకుండా దిగిపోయినట్టుండె.
భుజాలు వాటంతటవే కిందికి జారె.
ఇంతకాలం ఎత్తిపెట్టుకోనే ఉన్నానని
నాకే తెలీదు.

లోపం లేకపోలా.
బ్లేడు గొంతు మారితే బండలో నరం తగిలిందని గుర్తు,
అది వినకుంటే బండా పోతాది, వేలూ పోతాది.
మిషన్ కాడ దీన్ని నమ్మేదానికి లేదు.
ఇంకోటి చెప్పాలంటే సిగ్గు.
నా చెవిలో, బాగా లోపల, ఒక కీచురాయి ఉండాది.
బయటి రాళ్లన్నీ ఆగినాక అది మొదలుపెట్టె.
కంపెనీవాళ్ల నిశ్శబ్దం
అంత లోపలికి పోలేదు.

అప్పుడే హుసేనమ్మ సద్ది క్యారియర్ తెచ్చె.
రోజూ మాదిరే బండల దొంతి మీద గిన్నెలు పరుస్తా
పెదాలు కదిలిస్తాండె.
రోజూ మాదిరే నేను "ఊ" అనబోయి
ఆగిపోతి.
దాని గొంతు వినపడె.
సన్నగా, పక్కమీద కూర్చోని చెప్పినట్టు:
"శుక్రవారం లోపల వడ్డీ కట్టకుంటే
కమ్మలు మునిగిపోతాయంట.
కుదవ పెడతానంటే ఊ అంటివి గదా ఆ పొద్దు."

దాని చెవులకల్లా చూస్తి.
తమ్మెలకు చీపురుపుల్లలు.
ఎన్ని నెలలైందో.

పందొమ్మిదేండ్ల ఊలు.
దేనికి కొట్టినానో
లెక్క రాసినోడు లేడు.
చిన్నదాన్ని బడి మాన్పిస్తానన్నప్పుడు గూడా
ఈ తలకాయ ఇట్లే ఊగిందేమో.
నన్నొక్క మాట అడగలేదని
నెల దినాలు అలిగి కూర్చుంటిని ఆ యేడు.

"ఏం తగిలించుకోనుండావు నెత్తిన?"
అని అరిచె, చెవిటోనితో అరిచినట్టే.
అరవొద్దులే, వినపడతాంది అంటి.
నమ్మలా.
మజ్జిగ గిన్నె నా ముందుకు తోసి
మళ్లీ ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచె.

సందెకాడ ఓబులేసు ఎట్లుంది మామా అని అడిగె.
"బాగా వినపడతాంది."
"అది వినపడకుండా చేసేది మామా!"
వాడు పడీపడీ నవ్వె.

మెత్తల మీద గుండ్రంగా
తెల్లటి బండపొడి అంటుకోనుండె.
లుంగీతో తుడిస్తి, తడిచేసి తుడిస్తి, పోలా.
వాపసు తీసుకుంటారో లేదో.
శుక్రవారం ఎల్లుండే.